బోర్డు మీద ప్రిన్సిపాల్ గారి ఆయుష్షు

ఆ రోజు ఇంగ్లీషు మాస్టారు పెట్టుకున్న పనులు పెద్దవేం కావు. మొదటి పీరియడ్‌లో ‘అవుట్‌లివ్’ అనే క్రియ చెప్పేసి, స్టాఫ్ రూములో కాసేపు కునుకు తీసి, మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారి చేత తన కాంట్రాక్టు పొడిగింపు మీద సంతకం పెట్టించుకోవాలి. ఏటా ఇదే దేబిరింపు. ఆ సంతకం పడకపోతే వచ్చే నెల నుంచి ఇల్లు గడవదు.

"అవుట్‌లివ్ అంటే ఒకరు పోయాక కూడా ఇంకొకరు బతికి ఉండడం," అన్నారు నీరసంగా. "కర్త ఉంటాడు, కర్మ పోతాడు. అంతే."

"ఉదాహరణ చెప్పండి సార్," అంది ముందు బెంచీ అమ్మాయి.

తెలిసిన మనుషులతోనే ఉదాహరణలు చెప్పడం మాస్టారి అలవాటు. అలా చెబితే పిల్లలకు గుర్తుంటుందని పైకి అంటారు గానీ, కొత్తగా ఆలోచించే ఓపిక ఆయనకు ఏనాడో పోయింది. అటెండరు కంటే ప్రిన్సిపాల్ గారు ఎక్కువ కాలం బతుకుతారని ఇంగ్లీషులో రాసి, తెలుగులో అర్థం చెప్పారు. అప్పుడే టీ పట్టుకొచ్చిన అటెండరు గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"నేనేం పాపం చేశాను సార్? పొద్దున్నే నా చావు రాస్తారా?"

"ఊరికే ఉదాహరణయ్యా!"

"అయితే ఆయన్నే పంపండి. అందాకా టీ ఇవ్వను."

టీ పడకపోతే మాస్టారికి నోరు పెగలదు. బోర్డు మీద కర్తనూ కర్మనూ తారుమారు చేశారు. అటెండరు గ్లాసు ఇచ్చి హుషారుగా వెళ్ళిపోయాడు. గంట కొట్టగానే మాస్టారూ వెళ్ళిపోయారు, బోర్డు తుడవకుండా.

తరువాతి పీరియడ్‌కి వచ్చిన లెక్కల మాస్టారు ఆ వాక్యం చదివారు. ప్రిన్సిపాల్ గారు ఈ మధ్యే రక్తపరీక్షలు చేయించుకున్నారని ఆయనకు తెలుసు. అటెండరును పిలిచి అడిగితే, "ఆయన నాకంటే ముందే పోతారట సార్. ఇంగ్లీషు సార్ ఖాయం చేశారు," అన్నాడు గర్వంగా.

ఇంకేముంది, మధ్యాహ్నానికల్లా కాలేజీ అంతా గుప్పుమంది. ఏనాడూ ఎదురుపడని లెక్కల మాస్టారు ప్రిన్సిపాల్ గారికి వంగి నమస్కారం పెట్టారు. లైబ్రేరియన్ ఆపిల్ పళ్ళు చేతిలో పెట్టి, ముక్కు చీదుకుంటూ వెళ్ళిపోయింది. సెలవు అడగడానికి వచ్చినవాళ్ళు "మీరు జాగ్రత్త సార్" అనేసి వెనుదిరిగారు.

కునుకులో ఉన్న ఇంగ్లీషు మాస్టారికి ప్రిన్సిపాల్ గారి దగ్గర నుంచి కబురొచ్చింది. దారిలో అటెండరు జరిగిందంతా చెప్పేశాడు. ఉద్యోగం ఊడినట్టేనని అనుకుంటూ మాస్టారు గదిలోకి అడుగుపెట్టారు.

ప్రిన్సిపాల్ గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "తలుపు వేయండి మాస్టారూ. అందరికీ తెలుసు, నా దగ్గరే దాస్తున్నారు. ఉన్నమాట బోర్డు మీద రాసే ధైర్యం మీకొక్కరికే ఉంది. చెప్పండి, ఇంకెన్నాళ్ళు?"

"అయ్యో, అది క్రియాపదం సార్! ఎవరో ఒకర్ని పంపిస్తే గానీ వాక్యం పూర్తికాదు. టీ కోసం మిమ్మల్ని పంపించాను."

ప్రిన్సిపాల్ గారు కళ్ళు తుడుచుకుంటూ పడీ పడీ నవ్వారు.

"ప్రాణం లేచొచ్చిందయ్యా! ఏటా ఈ సంతకాల గోలేమిటి మీకు? నేనున్నంత కాలం మీ ఉద్యోగానికి ఢోకా లేదు పొండి. ఆ తరువాత ఎవరొస్తారో, ఏం చేస్తారో నాకు తెలీదు."

ఆ రోజు నుంచి ప్రిన్సిపాల్ గారు ఒక్కసారి దగ్గితే, ఆయన భార్య కంటే ముందు ఇంగ్లీషు మాస్టారే పరుగెత్తుకొస్తున్నారు.