లెదరు సీటు మీద హత్యాయత్నం

"భయపడకక్కా! నేరస్థుడికి ఇక అన్నం సహించదు, కంటికి కునుకు రాదు. డేగకన్ను రంగంలోకి దిగాడు!"

ఆ మాట అంటూనే గుమ్మం తగిలి ముందుకు తూలి, తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు తమ్ముడు. డేగకన్ను అన్న బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు. కళ్లద్దాలు తీస్తే ఎదురుగా వచ్చే బస్సు కూడా కనిపించదు. పొట్టకూటికి లైబ్రరీలో పుస్తకాలు బైండు చేస్తాడు. బంక ఆరేదాకా డిటెక్టివ్ నవలలు చదువుతాడు. బైండింగుకి వచ్చేవి చిరిగినవే కాబట్టి వాటికి చివరి పేజీలుండవు. అందుకని దర్యాప్తు చెయ్యడం అతనికి కొట్టినపిండి, దొంగెవరో తేల్చడం ఒక్కటే రాదు.

నిజానికి అక్క అతన్ని పిలవలేదు. ఫోనులో మాటవరసకి చెప్పి, వెంటనే నాలిక కరుచుకుంది.

"పూర్తిగా చెప్పు. చిన్న వివరం కూడా వదలకు."

"వివరమేముందిరా! కార్లో బుజ్జిదాని బేబీ సీటు సాయంత్రం నేనే బిగిస్తాను. కదిపి చూస్తే రాయిలా ఉంటుంది. పొద్దున చూస్తే బెల్టు వదులైపోయి ఊగుతుంటుంది. రోజూ ఇదే గోల. ఎల్లుండి నుంచి నేను ఆఫీసుకెళ్లాలి. మీ బావే దాన్ని అందులో కూర్చోబెట్టి క్రెష్‌లో దింపాలి. తలుచుకుంటేనే గుండె దడదడలాడుతోంది."

"హత్యాయత్నం!"

"నోరు ముయ్యి. అత్తయ్య వింటారు."

అప్పుడే మొగుడుగారు చేతిలో మెత్తటి గుడ్డతో లోపలికొచ్చాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో మేనేజరు. ప్రమాదాలు ఎలా ముంచుకొస్తాయో పొద్దస్తమానం జనానికి చెప్పి భయపెట్టడం ఆయన ఉద్యోగం. ఇంటికి రాగానే కారులోని తేనెరంగు లెదరు తుడవడం ఆయన సంసారం. చుట్టాలెవరైనా ఎక్కాలంటే ముందుగా ప్యాంటు వెనక జేబులు ఖాళీ చెయ్యాలి. పిల్ల పుట్టినప్పుడు ఆయన చెమ్మగిల్లిన కళ్లు తుడుచుకున్నాడు. కారు వచ్చినప్పుడు మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాడు.

"బెల్టు దానంతటదే వదులవుతుందేమోనోయ్," అన్నాడాయన ఎటో చూస్తూ. "అసలు సిసలు లెదరు కదా, రాత్రిపూట ఊపిరి పీల్చుకుంటుంది."

"అమూల్యమైన సమాచారం, బావగారూ!"

డేగకన్ను మొదటి అనుమానం అత్తగారి మీద పడింది. వెళ్లి టీవీకి అడ్డంగా నిలబడ్డాడు.

"నిన్న రాత్రి మీరెక్కడున్నారు?"

"ఇదే కుర్చీలో."

"సాక్షులున్నారా?"

"నువ్వు అడ్డు తప్పుకుంటే ఉన్నారు. సీరియల్లో వాళ్లందరూ నన్నే చూస్తున్నారు."

"చేతులు చూపించండి."

"చూపిస్తే జాతకం చెబుతావా నాయనా?"

డేగకన్ను అక్కని పక్కకు లాగి గొంతు తగ్గించాడు. "ఆవిడే! ఏ మాత్రం అనుమానం కలగడం లేదు. అదే అనుమానం."

"మరి మీ బావ సంగతో?"

"ఛ! ఆయన నాకు కాఫీ కలిపిచ్చాడక్కా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టనా?"

పిల్లని అత్తగారికి అప్పగించి ముగ్గురూ కిందికి దిగారు. డేగకన్ను భూతద్దంతో కారు వెనక సీటంతా గాలించి, గోధుమరంగు పొడి చిటికెడు దొరకబుచ్చుకుని నాలిక మీద వేసుకున్నాడు.

"విషమా?" అంది అక్క.

"బిస్కెట్టు. మనల్ని దారి మళ్లించడానికే చల్లారు."

ఆ తర్వాత, శిశువు స్థానంలో కూర్చుంటే తప్ప నేరం అర్థం కాదని ప్రకటించి బేబీ సీట్లోకి దిగాడు. మనిషి పుల్లలా ఉంటాడు కాబట్టి దిగడం దిగాడు. లేవబోతే నడుము రాలేదు. అక్క చెయ్యి పట్టుకుని గుంజింది.

"లాగకు! లెదరు కుట్లు ఊడతాయి!" అని కేకేశాడు మొగుడు. "వీధి చివర మెకానిక్కున్నాడు, అక్కడ తీయిద్దాం."

అక్క ముందు కూర్చుంది. కారు నత్తనడక నడిచింది. మలుపులో కుక్కొకటి అడ్డం రాగానే మొగుడు బ్రేకు నొక్కాడు. నడిచిపోయే మనిషి ఆగినంత మెల్లగానే ఆగింది కారు. అయినా వెనక ధడేల్మని చప్పుడైంది. డేగకన్ను బేబీ సీటుతో సహా ముందుకొచ్చి డ్రైవరు సీటుకి నుదురు కొట్టుకున్నాడు. ఆ ఊపుకి నడుము ఊడి కిందికి జారాడు. బేబీ సీటు పక్కకి ఒరిగింది. దాని కింద నుంచి, అంచు కూడా బయటికి కనబడకుండా మడతలు పెట్టిన దళసరి బొంత, రెండు స్నానం తువ్వాళ్లు బయటపడ్డాయి.

మొగుడు గిరుక్కున వెనక్కి తిరిగాడు. "లెదరు గీసుకుపోయిందా?"

అక్క తమ్ముణ్ని చూడలేదు, లెదరునూ చూడలేదు. నుదురు తగిలిన చోటునే చూస్తూ ఉండిపోయింది.

"రోజూ రాత్రి చెత్త పడేసి వస్తానని కిందికొచ్చేది ఇందుకా?"

"బెల్టు బిగిస్తే గుంటలు పడుతున్నాయే... కాస్త వదులు చేసి కింద బొంత వేస్తే మెత్తగా పిల్లకీ హాయిగా ఉంటుందని..."

"ఇంత మెల్లగా వెళ్తేనే వీడి నుదురు బొప్పి కట్టింది. వీడిది ఎద్దు మెడ. బుజ్జిదాని మెడ నిలబడ్డమే ఈ మధ్య కదండీ!"

పాలసీలు అమ్మేటప్పుడు గుక్క తిప్పుకోని మనిషి బొంతని చూశాడు, ముందు సీటుని చూశాడు. ఇంజను ఆపేశాడు.

"అనుకున్నదే!" కాళ్ల దగ్గర నుంచి డేగకన్ను గొంతు వినిపించింది. ఒక అద్దం పగిలిన కళ్లజోడుతో పైకి లేచాడు. "నేరస్థుణ్ని బయటికి రప్పించడానికే ఈ ఎత్తు వేశాను. ఈ బొంతని వెంటనే అరెస్టు చెయ్యండి!"

"నువ్వు దిగరా," అంది అక్క. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "మీరు వెనక్కి ఎక్కండి."

బిస్కెట్టు పొడి దులిపింది. బొంత, తువ్వాళ్లు తీసి తమ్ముడి నెత్తిన పెట్టింది. బేబీ సీటుతో పాటు ఇచ్చిన పల్చటి చాప ఒక్కటే పరిచి, దాని మీద సీటు పెట్టి బెల్టు దూర్చింది.

"మోకాలు పెట్టి నొక్కండి. నేను లాగుతాను."

"లెదరు మీదా? మోకాలా?"

"మోకాలే. ఒంటి బరువంతా వెయ్యండి."

ఆయన కళ్లు మూసుకుని మోకాలు పెట్టాడు. లెదరు కిర్రుమంది. ఆయనా ఇంచుమించు అలాగే మూలిగాడు. ఆవిడ పళ్లు బిగబట్టి బెల్టు లాగి, సీటు పట్టుకుని కదిపింది. సీటు ఇంకా కాస్త జరిగింది.

"ఇంకా నొక్కండి."

"గుంట పడుతుందే..."

"పడనీండి. పిల్ల ఉన్న ఇంట్లో గోడ మీద గీతలుండవా? అలాంటిదే ఇదీ."

ఆయన మారు మాట్లాడకుండా రెండో మోకాలు కూడా పెట్టాడు.