రంపపు గుంతలో నా ఒక్కపొద్దు

నవ్వేటోళ్లు ముందే నవ్వుకోండప్పా. నడిమధ్యలో నవ్వితే నాకు కథ తప్పిపోతుంది. తప్పిపోతే కొత్తది అల్లాల్సి వస్తుంది.

పందొమ్మిదొందల యాభై ఏడో సంవత్సరం. ఆ ఏడు ఉగాదీ రంజాను నెలా ఒకదాని వెనక ఒకటి వచ్చినాయి. హోసూరులో బాగలూరు రోడ్డు పక్కన ఒక టింబరు డిపోలో నేనూ దస్తగిరన్నా రంపం కోసేవాళ్లం. ఇప్పటిలాగా మిషను కాదు. మనిషి లోతు గుంత తవ్వి, దాని మీద దుంగ అడ్డంగా వేసి, పైన ఒకడు, గుంతలో ఒకడు నిలబడి పెద్ద రంపం లాగాల. పైన దస్తగిరన్న, కింద నేను. పన్నెండేండ్లు ఆయన మొహం కంటే పాదాలనే ఎక్కువ చూసినాను.

ఎండ ఎట్లుండిందంటారా? దుంగ మీద వాలిన కాకి కాళ్లు మార్చి మార్చి నిలబడేది, భరతనాట్యం నేర్చుకుంటున్నట్టు. ఆ ఎండలో దస్తగిరన్న రోజా ఉండి, గుటక నీళ్లు లేకుండా రంపం లాగేవాడు. మూడు రాగిముద్దలు మింగిన నేను మాత్రం నిలబడే కునికేవాణ్ని.

"అంత సత్తువ యాడిదన్నా నీకు?" అని అడిగినాను.

"తెల్లారకముందే ముద్ద, మజ్జిగ. మొండి దుంగలన్నీ పొద్దు పొడిచేటప్పుడే కోసెయ్యాల. మిట్టమధ్యాహ్నం నీడలో కూర్చుని రంపానికి ఆకురాయి పట్టాల. నెత్తిన తడిగుడ్డ. అన్నిటికంటే ముఖ్యం, నోరు మూసుకోవాల."

"మూసుకుంటే?"

"దాహం కాదు. నీకెందుకంత దాహమో ఇప్పుడన్నా తెలిసిందా సోమప్పా?"

సాయంత్రం ఆయన ఇంటికి పోతే నాకు కడుపు మండేది. ఆకలితో కాదు, కుళ్లుతో. ఆయన పెండ్లాం ఖాసింబీ వదిన గంజి, ఖర్జూరాలు, ఉల్లిగడ్డ బజ్జీలు ముందర పెట్టి, "పాపం, అలసిపోయినాడు" అని తనే బావికాడికి పోయేది. మా ఇంట్లో నాకు స్వాగతం ఏమంటే, "వచ్చినావా? బిందెలు ఖాళీగా ఉండాయి."

అందుకే ఒక దినం మా ఆడదానికి చెప్పినాను.

"ఏమే మునిలక్ష్మీ, రేపట్నుంచి నేనూ ఒక్కపొద్దు ఉంటా. పండగ వరకూ. దస్తగిరన్నకు తోడు."

ఆమె చేట కింద పెట్టేసింది. "నువ్వా? అంచెట్టి బస్సు ఊరవతల మత్తిగిరి దాటకముందే సద్దిమూట విప్పే మనిషివి!"

"నా మనసు గట్టిదే."

"మనసు సంగతి ఎవరడిగిరి? నోటి సంగతి చెప్పు."

"ఒక్క దినం తప్పినా నెలంతా పొయ్యికాడ నేనే కూర్చుంటా. చాలునా?"

"చాలునప్పా," అనింది. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మొదటి దినం మధ్యాహ్నానికి నా కడుపు ఉరిమిన ఉరుముకు, వాన వస్తా ఉందని డిపో వాచ్‌మన్ కోసిన పలకలన్నీ టార్పాలిన్‌తో కప్పేసినాడు. అబద్ధమంటే ఆయన్నే అడగండి. ఆయన పోయి ఇరవై ఏండ్లాయ.

రెండో దినం బుద్ధి పనిచేసింది. గుంతలో ఉండేవాణ్ని ఎవడు చూస్తాడు? గుంత గోడలో చిన్న బొరియ తవ్వి, వేయించిన శెనక్కాయలు, బెల్లం ముక్క దాచినాను. కుడిచెయ్యి రంపానికి, ఎడంచెయ్యి నాకు. పైనుంచి పొట్టు రాలేది. రంపపు పొట్టేదో శెనగపొట్టేదో దేవునికే తెలియాల.

ఆహా, ఏం దినాలప్పా అవి! సాయంత్రం ఖాసింబీ వదిన నాకూ గంజి పోసేది. ఇంటికొస్తే పాయసం. "ఒక్కపొద్దు మనిషివి, బిందె ముట్టద్దు" అని మునిలక్ష్మే నీళ్లు చేదుకొచ్చేది. వీధిలో వాళ్లు ఆపి, "అంత సత్తువ ఎట్లప్పా?" అంటే, "నోరు మూసుకోవాల" అని చెప్పేవాణ్ని, పంటిసందులో శెనగపొట్టు నాలుకతో తోసుకుంటా.

ఎనిమిదో దినం పొద్దు వాలినాక దస్తగిరన్న దుంగ మీదనే కూలబడినాడు.

"సోమప్పా, ఈ ఏడు రంపం బరువెక్కిందప్పా. పైకి లాగితే ఇద్దరి బరువు. వయసైపోయిందేమో. రేపట్నుంచి రోజా మానుకుంటా."

"అదేంటన్నా!"

"మీసం రాకముందునుంచీ ఒక్కటీ విడవలేదు. ఏం చేసేది? పలకలు తగ్గితే సావుకారు ఇద్దర్నీ పొమ్మంటాడు."

ఇంటికి పోయినాను. మునిలక్ష్మి పాయసం గిన్నె ముందర పెట్టింది. గిన్నె పక్కకు జరిపినాను. నా ఎడంచెయ్యి వల్ల ఆ మనిషి అన్నేండ్ల నోము పోతుందా? చెప్తే పరువు పోతుంది. చెప్పకపోతే ఆయన రోజా పోతుంది.

తెల్లారి, దస్తగిరన్న దుంగ ఎక్కకముందే, శెనక్కాయల మూట తెచ్చి ఆయన కాళ్లకాడ పెట్టినాను.

"బరువు నీ వయసుది కాదన్నా. నా ఒంటిచేతిది. నువ్వు రోజా విడవద్దు. ఇంక రెండు చేతులూ వేస్తా."

ఆయన నవ్వినాడు చూడండీ, దుంగ పట్టుకోకుంటే గుంతలో పడేవాడు.

"నాకు రెండో దినమే తెలుసప్పా! రెండు చేతులు లాగితే రంపం నేరుగా వస్తుంది. ఒంటిచేతికి అది తోక కొట్టుకుంటుంది. నువ్వు ఎన్ని కాయలు వలిచినావో కూడా రంపమే చెప్పింది."

"మరి మానుకుంటానంటివే?"

"అది నీ పెండ్లాం చెప్పమనింది. బరువు మాత్రం నిజమే."

సాయంత్రం ఇంటికి పోతే మునిలక్ష్మి గడపలో నిలబడి, ముద్ద కెలికే కట్టె నా చేతికిచ్చింది.

"నీ పంచెలు ఉతికేది ఎవరనుకుంటివి? మడత మడతకీ శెనగపొట్టే!"

"ఎప్పుడు తెలిసింది?"

"నాలుగో దినం."

"అంతవరకు నమ్మినావా?"

ఆమె పొయ్యి దిక్కు చూసింది. "అంతవరకు నేనూ తినలేదు."

మా ఇండ్లల్లో మొగుడు తినకుండా ఆడది ముద్ద ముట్టదు. ఆ సంగతే నాకు తట్టలేదప్పా! నేను గుంతలో బెల్లం చప్పరిస్తా ఉంటే, ఆ దినాలు ఆమె పగలంతా పస్తుండి నీళ్లు చేది, గడ్డి కోసి, నాకు పాయసం కాచింది. మా ఇంట్లో ఒక్కపొద్దు ఉండింది ఆమె.

పొయ్యి ముట్టించినాను. పక్కింటి గోడ మీద ఆడవాళ్ల తలకాయలు వరసగా లేచినాయి, నవరాత్రి బొమ్మల్లాగా. నా రాగిముద్దను విరిస్తే లోపల పొడిపిండి పొగలాగా లేచింది.

"ఎట్లుంది?" అన్నాను.

"కోసేదానికి దస్తగిరన్నను పిలుచుకొని రా," అనింది. కానీ ముద్దంతా తినింది. ఆమె చెయ్యి కడుక్కున్నాకే నేను నా అన్నం తట్ట ముందుకు లాక్కున్నాను.

నెల అయిపోయింది, పొయ్యి మళ్లీ ఆమె చేతికి పోయింది. ఆ వరస మాత్రం మారలేదు. ఆమె ముందు, నేను తర్వాత. ఆమె పోయి ఆరేండ్లాయ. ఇప్పటికీ తట్ట ముందర కూర్చుంటే కొంచెం సేపు ఆగుతాను.

"ఏం మామా, ఉప్పు తక్కువైందా?" అంటుంది కోడలు.

అవునమ్మా అంటాను.