పాత డిస్కు పలికేదాకా

ఆదివారం పొద్దున ఆండాళ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తలకు పోసుకుని, జడ వేసుకుని, తొమ్మిదికల్లా కంప్యూటర్ ముందు కూర్చోవాలి. ప్రొద్దుటూరు హాస్టల్లో ఉన్న స్నేహితురాలు జాహ్నవికి ఆదివారం తొమ్మిదింటికి కాలేజీ కంప్యూటర్ మీద పావుగంట మాట్లాడే వంతు వస్తుంది. తొండూరులో ఆండాళ్‌కు మిగతా వారమంతా ఆ పావుగంట కోసమే గడుస్తుంది. జాహ్నవి వెళ్లాక తను గొంతు విప్పి మాట్లాడే మనిషి ఊళ్లో ఇంకొకరు లేరు.

ఆ కంప్యూటర్‌ను పదో తరగతి సెలవుల్లో ఇద్దరూ కలిసి పాత సామాన్లు తెచ్చి బిగించుకున్నారు. తెరుచుకోవడానికే వంతులో సగం తినేస్తోందని ఆండాళ్ నిన్న పులివెందులలో కొత్త డిస్కు కొనుక్కొచ్చి పెట్టింది. పాతదాన్ని తీసేయడానికి మాత్రం చేతులు రాలేదు. ఇద్దరూ దిగిన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. పక్కన ఉంటే పోయేదేముందని దాని తీగ అలాగే వదిలేసింది.

మీట నొక్కింది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. నిన్నటిదాకా ఎంతసేపు తిరిగేవో అంతకు రెట్టింపు తిరిగినా ఆగలేదు.

"మా పాప కనపడిందా?" అంటూ పక్కింటి వనజమ్మ వచ్చింది. జాహ్నవి వాళ్ల అమ్మ. కూతురు చూస్తుందని కొత్త చీర కట్టుకుంది.

"లేదత్తా. తిరుగుతానే ఉంది."

"ఏంది తిరిగేది? ఏమయ్యో, ఇట్ల రా! ఈ పాప మిషను మొరాయించిందంట!"

మొగుడు నారాయణ వచ్చాడు. చీనీ బత్తాయి తోట కోసం బోర్ల మీద బోర్లు వేయించిన మనిషి. ఏ యంత్రం చెడినా ఆయనకు అందులో బోరు మోటారే కనిపిస్తుంది. కంప్యూటర్ డబ్బాకు చెవి ఆనించాడు. లోపల టిక్కు టిక్కుమంటోంది.

"వోల్టేజీ సాల్లేదు. మా మోటారూ ఇట్లనే మూలుగుతాది. ఉండు, బాషాను పిలుస్తా."

"వద్దు మామా, అది..." అంది ఆండాళ్. మిగతాది వినకుండానే ఆయన గడప దాటాడు.

కాలిన మోటార్లకు తీగ చుట్టే కమాల్ బాషా నారాయణ తోటలోని స్టెబిలైజరును బండి మీద వేసుకుని వచ్చాడు. "నువ్వు పక్కకు జరుగు పాపా. దీంతో ఎండిన బోరు మోటార్లే లేపినా. ఇదొక లెక్కనా?"

ఆండాళ్‌కు కంప్యూటర్ తీగను గోడలోంచి పీకేసే వ్యవధి మాత్రం దొరికింది. బాషా మీట వేశాడు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది. వీధివీధంతా ఫ్యాన్లు ఆగిపోయాయి. స్టెబిలైజరు నుంచి అగరొత్తి పాటి పొగ వచ్చింది.

ఆ పొగ గుడి దాకా వెళ్లేసరికి బాగా పెరిగింది. పూజారి ఇంట్లో ఏదో పేలిందని ఒకరు, ఇల్లు అంటుకుందని ఇంకొకరు, పిల్ల లోపలే ఉందని మరొకరు చెప్పారు. ఆ పూజారి, ఆండాళ్ నాన్న వేదవ్యాస, తలలు వంచుకుని నిలబడ్డ కొత్త దంపతులను అలాగే వదిలేసి, చేతిలో శఠగోపంతోనే పరుగెత్తుకొచ్చాడు. ఆశీర్వాదం ఎక్కడ తప్పిపోతుందోనని ఆ దంపతులూ వెనకే పరుగెత్తారు.

"పాపా! ఏమైందే?"

"ఏం కాలేదు నాన్నా. కంప్యూటర్ తెరుచుకోలేదు."

వేదవ్యాస గోడకు ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. తర్వాత, ఎలాగూ వచ్చారు కదా అని దంపతులకు వాకిట్లోనే శఠగోపం పెట్టాడు. వాళ్ల వెనక బాషా కూడా తల వంచాడు. "నాకూ పెట్టు సామీ. లైన్‌మ్యాన్ వస్తాండాడు."

అందరూ నవ్వారు. తొమ్మిది ఎప్పుడో దాటిపోయింది. ఆండాళ్ లోపలికి వెళ్లి నల్లటి తెర ముందు కూర్చుంది. వాకిట్లో అంతమంది ఆమె గురించే మాట్లాడుతున్నారు. ఆమెతో మాట్లాడటానికి మాత్రం ఎవరూ లోపలికి రాలేదు.

మధ్యాహ్నం జాహ్నవి వచ్చింది. గుడి దగ్గరి నుంచి ఎవరో హాస్టల్‌కు ఫోన్ చేసి ఇల్లు కాలిపోయిందన్నారట. వార్డెన్‌కు చెప్పకుండానే బస్సెక్కేసింది.

"కాలిపోయినావన్నారే! బాగనే ఉండావు కదే!"

"ఎట్లొచ్చినావే?"

"ఏడ్చుకుంటా వచ్చినా. బస్సులో అందరూ నాకు నీళ్లు తాపిరి, దెయ్యమా!"

కరెంటు వచ్చాక జాహ్నవి డబ్బా మూత తీసి టిక్కుటిక్కు ఎక్కడిదో చూసింది. "ఈ పాత డిస్కు సచ్చిపోతాంది. మిషను లేస్తానే దీన్ని పిలుస్తాది, ఇది పలకదు. అది కాచుకోనే ఉంటాది. దీన్నెందుకు ఉంచినావు?"

"మన ఫొటోలుండాయి."

జాహ్నవి ఆ డిస్కు తీగ పీకింది. మీట నొక్కి వేలు తీసేలోపే తెర వెలిగింది. సాయంత్రం బస్సుకు ఆమె వెళ్లిపోయింది.

మళ్లీ ఆదివారం ఆండాళ్ తలకు పోసుకుని, జడ వేసుకుని కూర్చుంది. కంప్యూటర్ చటుక్కున తెరుచుకుంది. వనజమ్మ మాత్రం పాత చీరలోనే వచ్చింది. చెప్పకుండా వెళ్లినందుకు హాస్టల్లో నెల రోజులు జాహ్నవి వంతు తీసేశారట.

"మిషను బాగైందా పాపా?"

"శానా బాగైందత్తా."

వనజమ్మ వెళ్లాక ఆండాళ్ డబ్బా మూత తీసి, ఫొటోలున్న ఆ పాత డిస్కు తీగ మళ్లీ తగిలించింది. తెర మీద చుక్కలు తిరగసాగాయి. అది పలికినప్పుడే పలుకుతుంది. ఈ నెలంతా తొందరేమీ లేదు.