బెంజ్ సర్కిల్ దాటని ఊరేగింపు

సాంబశివరావు గారు రిటైరయ్యే రోజు పొద్దున భార్య జ్ఞానప్రసూనాంబ ఆయన పంచె ఇస్త్రీ చేస్తూ, సాయంత్రం సినిమావాళ్ళు చేసే సన్మానంలో కప్పబోయే శాలువా ఏ రంగుదో కనుక్కున్నారా అని అడిగింది. ఆమెకు వాళ్ళ మీద నమ్మకం లేదు.

"వాళ్ళకి కావలసింది మీ సంతకమండీ. మీరు కాదు."

"సాయంత్రం ముందు వరసలో కూర్చుని చూద్దువుగాని," అన్నారాయన. సన్మానం మాట ఎలా ఉన్నా, అది ఆమె చూడాలన్నదే ఆయన కోరిక.

ఆయన సినిమా షూటింగులకు అనుమతులిచ్చే అధికారి. పూర్వం కాలవగట్టు మీద ఒక పాట తీయాలంటే ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి నిర్మాత సినిమాయే మానుకునేవాడు. ఈయన వచ్చాక ఒక్క దరఖాస్తు, ఒక్క సంతకం. బెజవాడ కుర్రాళ్ళు హైదరాబాదు పోకుండా ఇక్కడే సినిమాలు తీయడం మొదలుపెట్టారు. ఒక్క నియమం మాత్రం ఆయన ఎవరికోసమూ సడలించలేదు. కాగితం లేకుండా రోడ్డు మీద కెమెరా పెడితే, కాగితం వచ్చేదాకా బండి కదలకూడదు.

స్థానిక సినీ సంఘానికి అధ్యక్షుడు బాలశౌరి. అతను ఆటోనగర్‌లో ఒక పాత జీపుకు పైకప్పు తీయించి రంగు వేయించాడు. బెంజ్ సర్కిల్ నుంచి హాలు దాకా ఊరేగింపు. హాల్లో కూచిపూడి నుంచి వచ్చిన అమ్మాయిల నాట్యం, ఆ తరువాత శాలువా. ఆ మధ్యాహ్నమే ఛార్జి తీసుకున్న కొత్త అధికారి ఉదయభాస్కర్ ముఖ్య అతిథి.

ఊరేగింపు బాగానే మొదలైంది. కానీ చేసేది సినిమావాళ్ళు. చల్లిన పూలు మొహానికి అడ్డం పడ్డాయని కెమెరామన్ మరియదాసు జీపును వెనక్కి తిప్పించాడు. రెండోసారి సాంబశివరావు గారు నేరుగా కెమెరాలోకి చూశారు. సహజంగా లేదన్నాడు. మూడోసారి బస్సు అడ్డొచ్చింది. బాలశౌరి బస్సును ఆపించాడు. దాని వెనకవాటిని ఎవరూ ఆపించలేదు, అవే ఆగాయి.

జనం మూగి హీరో ఏడని అడిగారు. ఇంకా రాలేదన్నారెవరో. దండ వేసుకున్నాయన ఎవరంటే, హీరోయిన్ తండ్రి అన్నారు. వేషానికి తగ్గ మనిషే దొరికాడని మెచ్చుకున్నారు. సాంబశివరావు గారికి మెచ్చుకోలు ఒక్కటే వినిపించింది. చెయ్యి ఊపారు.

అప్పుడు ట్రాఫిక్ ఎస్సై యేసుకుమార్ వచ్చి పర్మిషన్ కాగితం చూపించమన్నాడు.

"ఇది షూటింగ్ కాదండీ. సన్మానం," అన్నాడు బాలశౌరి.

"సన్మానానికి మూడు టేకులేంటయ్యా?"

పర్మిషన్లు ఇచ్చే ఆఫీసరే ఈయనని బాలశౌరి జీపులోకి చూపించాడు. ఎస్సై నమ్మలేదు. సాంబశివరావు గారి సంతకం ఎన్నో కాగితాల మీద చూశానని, మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదని అన్నాడు. సంతకం పెడితే పోల్చుకుంటానన్నాడు. అదేదో పర్మిషన్ కాగితం మీదే పెడితే ఇద్దరి పనీ అయిపోతుందని దారి కూడా చూపించాడు.

మరియదాసు కాగితం తెచ్చాడు. జేబులోని పెన్ను దాకా వెళ్ళిన సాంబశివరావు గారి చెయ్యి ఆగింది.

"మధ్యాహ్నమే ఛార్జి ఇచ్చేశాను బాలశౌరీ. ఇప్పుడు నా సంతకం చెల్లదు."

"నిన్నటి తారీఖు వేయండి సార్. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను గదయ్యా."

అంతటితో ఊరుకోలేదు. కాగితం లేదు కాబట్టి జీపును కదలనివ్వొద్దని ఎస్సైకి తానే చెప్పారు. ఎస్సై దాన్ని ఓ పక్కకు తీయించి తాళం జేబులో వేసుకున్నాడు. సన్మానం చేయించుకునే మనిషి నడిచి రావడం బాగుండదని బాలశౌరి ఆయన్ని జీపులోనే కూర్చోబెట్టాడు. హాల్లో ఉన్న ఉదయభాస్కర్‌కు ఫోను చేశారు. పెద్దాయన పెట్టిన పద్ధతిని తొలిరోజే తప్పలేనని, రేపు దరఖాస్తు పెట్టుకోమని ఆయన ఎంతో గౌరవంగా చెప్పాడు.

అక్కడ నాట్యం రెండోసారి కూడా అయిపోయింది. తరువాత హాలు తీసుకున్న నిశ్చితార్థం వాళ్ళు పళ్ళేలతో గుమ్మంలో నిలబడ్డారు. ఏం చేయమంటారని హాల్లోంచి ఫోను వచ్చింది. బాలశౌరి పక్కకు వెళ్ళి మాట్లాడాడు. చాలినంత దూరం వెళ్ళలేదు.

"ఉదయభాస్కర్ గారికి కప్పేయండి. రేపట్నించీ మన పని ఆయనతోనే గదా."

సాంబశివరావు గారు విన్నారు. మెడలో దండ సర్దుకున్నారు.

హాల్లో, వెనక ఫ్లెక్సీ మీద సాంబశివరావు గారు నవ్వుతుండగా, ముందు ఉదయభాస్కర్‌కు శాలువా కప్పారు. ముందు వరసలో ఉన్న జ్ఞానప్రసూనాంబ లేచి బయటికి వచ్చి ఆటో ఎక్కింది. అది బెంజ్ సర్కిల్‌లో జీపు పక్కన ఆగింది. ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఏ రంగు?" అన్నారాయన.

"మెరూన్. మనింట్లో ఉన్నదాని లాంటిదే. ఎక్కండి."

ఆటో కదిలాక డ్రైవరు అద్దంలో ఆయన్ని పరీక్షగా చూశాడు.

"ఇందాక నేనూ ఈ ట్రాఫిక్‌లోనే ఇరుక్కున్నానండి. మీ యాక్టింగ్ అంతా చూశాను. సంతకం పెట్టనని పెన్ను దాకా వెళ్ళిన చెయ్యి ఆపేశారు చూడండి, అచ్చం ఆఫీసరులాగే ఉన్నారండి."

సాంబశివరావు గారు దండ తీసి భార్య ఒళ్ళో పెట్టారు. ఇన్నేళ్ళ సర్వీసులో దరఖాస్తు జతచేయకుండా ఆయనకు వచ్చిన పొగడ్త అదొక్కటే.