ఒక్కపొద్దు చేపలు

పుత్తూరు దగ్గర పడుగుపాలెంలో ఈ ఏడాది పెరటాసి నెల పూర్తయ్యేదాకా చెరువులోని జలచరాలు సైతం మాంసాహారం మానవలెనని గ్రామస్థులు ఏకగ్రీవంగా తీర్మానించారు. జలచరాల తరఫున ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

కారణం సబబైనదే. పెరటాసి వెంకన్న నెల గనుక ఆయనకు మొక్కి ఊరు ఊరంతా నీసు మానేసి, మసాలా వాసన గుర్తొచ్చినప్పుడల్లా గోవిందా అనుకుంటూ రోజులు లెక్కపెడుతోంది. అలాంటి సమయంలో, మొదటి శనివారం పొద్దున్నే బిందె ముంచడానికి వెళ్లిన సుబ్బులమ్మ కళ్లెదుటే ఒక కొరమీను కప్పను గుటుక్కుమనిపించింది. "శనివారం పూట! అదీ నా ముందర!" అని ఆమె వీధి వీధికీ చెప్పింది. మనం నోరు కట్టుకుంటే అది తింటుందా అన్న బాధ భక్తి కంటే వేగంగా పాకింది.

కష్టమంతా ఆదికేశవులుది. ఆ చెరువులో చేపపిల్లలు వదిలి ఏడాదిగా సాకుతున్నది అతనే. పెరటాసి ముగిసిన మరునాడు ఊరు ఆవురావురుమంటూ గట్టుకు వస్తుందని, ఆ ఒక్కరోజు మీదే ఆశలన్నీ పెట్టుకున్నాడు.

"అప్పా, బొచ్చె పైన తేలే నలుసులు తింటాది. ఎర్రమోసు అడుగు బురద తింటాది. అవి పుట్టుకతోనే సాధువులు. కొరమీను కప్పను తినక కదంబం ప్రసాదం తింటాదా?" అన్నాడు సభలో.

ఊరి సంఘం అధ్యక్షుడు, మరమగ్గాల యజమాని ధనశేఖర్ మైకు సవరించుకున్నాడు. "యాభై ఏండ్లు కోడి తిన్న నేనే మానినాను. నిన్నగాక మొన్న పుట్టిన చేప మానలేదా? పెట్టి సూడప్పా, అదే అలవాటు పడతాది!" చప్పట్లు మోగాయి.

పీతలకు, తాబేళ్లకు దండోరా వేయించారు. లకుముకి పిట్టకు నోటీసు సిద్ధమైంది గానీ అది ఒకచోట నిలవనందున అందజేయడం కుదరలేదు. నీటిపాముకు మాత్రం, నాగులచవితి దగ్గర పడుతున్నందున, మినహాయింపు ఇచ్చారు. ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడ్డ కొంగను చూసి అందరూ సిగ్గుపడి, దాన్ని ఆదర్శ భక్తుడిగా ప్రకటించి, గట్టు మీద శాశ్వత స్థలం కేటాయించారు. శాలువా కప్పబోతే ఎగిరిపోయింది. నిరాడంబరత అన్నారు.

రెండో శనివారం తపేళాలకు తపేళాలు పులిహోర, చక్కెరపొంగలి, వడలు చెరువులో పోశారు. ఒక వడ చుట్టూ చిన్నచేపలు మూగాయి. కింద నుంచి వచ్చిన కొరమీను వాటిని వడతో సహా మింగింది. గట్టు మీది వాళ్లకు వడ మాయం కావడం మాత్రమే కనిపించింది. "మారిపోయినాది!" అంటూ ధనశేఖర్ కళ్లు తుడుచుకున్నాడు.

మూడు రోజులకు నీళ్లు పులిశాయి. తెల్లవారుజామున చేపలన్నీ ఊపిరాడక నోళ్లు తెరిచి పైకి తేలాయి. ఆదికేశవులు పరుగున పోయి ధనశేఖర్‌ను పిలుచుకొస్తే, ఆయన చేతులు జోడించాడు. "గోవిందా అంటా ఉండాయప్పా! వచ్చే శనివారం రెండింతలు పోద్దాం."

రెండింతలు పోస్తే పొలుసు కూడా మిగలదు. చేపల సంగతి చెప్పి లాభం లేదని, మనుషులకు అర్థమయ్యే సంగతే చెప్పాలని ఆదికేశవులుకు అప్పుడు తట్టింది.

"గోవిందా కాదన్నా, ఒక్కపొద్దు మొక్కినాయి. సూడన్నా, మెతుకు ముట్టకుండా ఉండాయి. ఒక్కపొద్దున్న జీవికి కూడు పెట్టి చెడగొడితే ఆ పాపం యాడికి పోతాది?"

పాపం అనగానే తపేళాలు ఇళ్లకు తిరిగిపోయాయి. అతను మోటారు పెట్టి చెరువు నీళ్లనే తోడి పైనుంచి చిమ్మితే, అభిషేకమని దానికీ దండం పెట్టారు. వారంలో చేపలు కోలుకున్నాయి. కొరమీను మళ్లీ కప్పల వేటకు పోయింది. సుబ్బులమ్మ అటువైపు చూడడం మానేసింది.

పెరటాసి చివరి శనివారం గట్టు మీదే అత్యవసర సమావేశం జరిగింది. "మేక ఆకే తింటాది, అయినా నీసే. కానీ ఈ చేప మన పులిహోర తినింది, ఒక్కపొద్దు ఉండింది. అంటే దాని లోపల ఉండేది ప్రసాదం! ప్రసాదాన్ని వద్దనేదానికి మనమెవరం?" అన్నాడు ధనశేఖర్. అభ్యంతరం ఉన్నవారు చేతులెత్తాలన్నారు. చేతుల్లో సంచులు ఉన్నందున ఎవరికీ వీలు కాలేదు.

ఆదికేశవులు వల లాగుతూనే ఉన్నాడు. ఏడాది కష్టం ఒక్కపూటలో గట్టెక్కింది. వాటిని బతికించిన మాటే వాటిని పులుసులోకి పంపుతోందని తెలిసి, నవ్వాలో ఏడవాలో తేలక నవ్వేశాడు.

గట్టు పొడవునా నామాలు పెట్టుకున్న జనం బారులు తీరారు. ఎండకు కాళ్లు కాలి ఒకరి తర్వాత ఒకరు ఒంటికాలి మీద నిలబడి, కళ్లు సగం మూసుకుని, వల వంక చూడనట్టే చూస్తున్నారు. తనకు కేటాయించిన చోట నిలబడ్డ కొంగ వాళ్లను కాసేపు గమనించి, మర్యాదగా పక్కకు జరిగింది. ఇంకా చోటుంది, రండి అన్నట్టుగా.