హంతకుడెవరో ముందే చెప్పిన పుణ్యాత్ములకు

డిటెక్టివ్ పరంధామం మళ్లీ వచ్చి దేశానికి చేసిన మేలు ఇంకెవరూ చేయలేదు. నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను!

ఐదేళ్ల కింద ఆగిపోయిన ఆ సీరియల్ గుర్తుంది కదా? హంతకుడెవరో ఆదివారం చెప్పకుండా వారమంతా మన బుర్రలు తినేవారు. సీజన్ టూలో అలాంటి హింసే లేదు. మొదటి ఎపిసోడ్‌లో, టైటిల్స్ పడకముందే హంతకుడు కెమెరా వైపు తిరిగి ఒక నవ్వు నవ్వుతాడు. పాపం, ప్రేక్షకుడికి ఎందుకు శ్రమ? ఇక మిగిలినవన్నీ పరంధామం బాల్యం, పరంధామం బ్రేకప్, డ్రోన్ షాట్‌లో పరంధామం జీపు. పాత టార్చిలైటు పోయి చేతికి ట్యాబ్ వచ్చింది. మనం హాయిగా ఉల్లిగడ్డలు కోసుకుంటూ చూడవచ్చు.

దీనివల్ల ఉత్పత్తి పెరిగిందంటే నమ్ముతారా? నేను కళ్లారా చూశాను. రాయని వేళల్లో నేను మట్టెవాడలో జంపఖానాలు నేస్తాను. వెడల్పు జంపఖానా ఒక్కడి వల్ల కాదు, ఒకే మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. నా పక్కన పదిహేనేళ్లుగా గట్టయ్య అన్న.

పాత రోజుల్లో సోమవారం వచ్చిందంటే ఎంత నష్టం! "వంటోడే సంపిండు తమ్మీ, రాసిపెట్టుకో" అని ఆయన. "కాదన్నా, డాక్టర్" అని నేను. చాయ్ తెచ్చిన ఆయన భార్య సోమక్క వదిన, "ఇద్దరికీ తెల్వది. గా మెత్తగ మాట్లాడే చెల్లెను జూడుండ్రి" అనేది. ఆమె చెప్పిందే నిజమయ్యేది. ఈ కొట్లాటలో ఆకుపచ్చ చార పడాల్సిన చోట ఎర్రది పడేది. సేటు తిట్లు, మళ్లీ విప్పి నేయడం!

పోయిన ఏడాది సోమక్క వదిన చనిపోయింది. అప్పటినుంచి గట్టయ్య అన్నవి రెండే మాటలు: "ఊ", "నూలు". సీరియల్ మళ్లీ వస్తోందని చెప్పిన రోజు మాత్రం చెయ్యి ఆపి, "నిజంగ వస్తాందా?" అన్నాడు. ఆ ఆదివారం కోసం రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

సోమవారం అడిగాను. "ఎవరు సంపిన్రంటవ్ అన్నా?"

"ఆళ్లే చెప్పిన్రు గద" అన్నాడు. మళ్లీ "నూలు".

చూశారా లాభం? రెండు నెలల్లో ఒక్క చార తప్పలేదు. సేటు పిలిచి మెచ్చుకున్నాడు కూడా!

అయినా మంచిని ఓర్వలేని బుద్ధి నాది. మొన్న గురువారం ఆయన నీళ్లకు లేచి వెళ్లగానే, ఆయన వైపు ఆకుపచ్చ చోట బెత్తెడు ఎర్ర చార నేసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

ఆయన వచ్చాడు. కళ్లజోడు సవరించుకున్నాడు. చార మీద వేలు పెట్టి, నా చేతులు చూసి, నా ఒళ్లో ఎర్రనూలు ఉండ చూశాడు.

"తమ్మీ, జర ఇటు జూడు. ఇదెవని పని?"

"డాక్టర్ అయ్యుంటడన్నా."

పెదవి కదిలింది. "మీ వదినుంటే చిటికెల పడ్తుండె నిన్ను" అన్నాడు. ఏడాదిలో ఆమె మాట ఎత్తడం అదే మొదటిసారి. ఆ చార విప్పేసరికి పొద్దుగూకింది. అప్పటిదాకా ఆమె ముచ్చట్లే.

కనుక నిర్మాతలకు ఒకటే మనవి. హంతకుణ్ణి మీరే దాచిపెట్టండి, మా వారం రోజుల కొట్లాట మాకు వాపస్ ఇవ్వండి. అందాకా మట్టెవాడలో ఎర్ర చారలు తప్పు చోట పడుతూనే ఉంటాయి.