ఎడమ చెంప వరకు కత్తి

ఊళ్లో ఉన్న ఒకే ఒక్క క్షౌరశాలలో మారణాయుధం పట్టుబడిందని తెలియజేయడానికి అధికారులు ఎంతో సంతోషించారు. పట్టుబడిందంటే గోడలో దాచగానో, నేలలో పాతిపెట్టగానో దొరికిందని కాదు. యజమాని చేతిలో, పోస్టుమాస్టరుగారి గడ్డం మీద, సబ్బు నురగతో సహా దొరికింది.

ఆ యజమానిని ఊరంతా నున్నన్న అంటారు. అతని చేతిలో పడ్డ చెంప అంత నున్నగా వస్తుంది మరి. ఒక కుర్చీ, ఒక అద్దం, కత్తి నూరుకునే తోలు పట్టీ, తండ్రి వాడిన కత్తి. అతనికున్నదల్లా ఇదే.

అతను చేసిన నేరం చిన్నది కాదు. పదునున్న ప్రతి వస్తువునూ ఇంగ్లీషు పేరుతో నమోదు చేయించాలని వచ్చిన కొత్త ఉత్తర్వును పాటించబోయాడు. పాటించనివాళ్ల జోలికి ఎవరూ పోలేదు. ఫారంలో పదకొండు గడులున్నాయి. సోర్డ్, డాగర్, సేబర్, రేపియర్, కట్లస్, ఇలా అన్నీ యుద్ధాల్లో దూసే కత్తుల పేర్లే. ఒకదానికి టిక్కు పెట్టాలి. నున్నన్న కింద ఖాళీ చూసుకుని "కత్తి" అని రాసిచ్చాడు.

"ఏ కత్తి?" అన్నాడు కిటికీ వెనక గుమాస్తా.

"గడ్డం గీసేదండీ."

"అదే, ఇంగ్లీషులో ఏ కత్తి?"

"పెట్టె మీద రేజర్ అనుందండీ."

గుమాస్తా పదకొండు గడులనూ వేలితో తడిమి చూశాడు. "ఆ పేరుతో మా దగ్గర కత్తి లేదు. లేని వస్తువుతో ఇన్నేళ్లుగా గడ్డాలు ఎలా గీస్తున్నావయ్యా?"

మర్నాడే అధికారులు వచ్చి, పోస్టుమాస్టరుగారిని నురగతోనే ఇంటికి పంపి, కొట్టుకు తాళం వేశారు. కత్తి పేరు తేల్చడానికి ఉపసంఘం వేశారు. కొట్టు పురపాలక సంఘానిది. వరసగా తొంభై రోజులు గిరాకీ లేకుండా పడి ఉంటే వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. ఆ సంగతి మాత్రం నోటీసులో తెలుగులోనే ఉంది, ఒక్క తప్పు లేకుండా.

ఉపసంఘానికి అధ్యక్షుడు భాషాధికారి. సభ్యుల్లో ఒకరు రిటైరైన ఇంగ్లీషు మాస్టారు, ఇంకొకరు గిడ్డంగి అధికారి. ఈయన పుట్టి బుద్ధెరిగాక నిఘంటువు తెరవలేదు కాబట్టి నిష్పక్షపాతంగా ఉంటారని తీసుకున్నారు.

మొదటి వారం సోర్డ్‌తో గడిచింది. అందులో డబ్ల్యూ ఉంటుంది గానీ పలకదని మాస్టారు సెలవిచ్చారు. పలకని అక్షరం ఎందుకండీ అని గిడ్డంగి అధికారి అడిగారు. ఉపసంఘంలో మీరెందుకో అదీ అందుకేనని మాస్టారు అన్నారు. సమావేశం వాయిదా పడింది.

తర్వాత డాగర్. ఇద్దరు డాగర్లు దూశారని ఇంగ్లీషువాళ్లు అంటే, వాళ్లిద్దరికీ మాటల్లేవని మాత్రమే అర్థమట. అప్పటికి మాస్టారికీ గిడ్డంగి అధికారికీ మాటల్లేవు కనుక ఉదాహరణ వెతుక్కునే శ్రమ తప్పింది. సేబర్‌ను దూయరట, ఒరలో ఉంచి గలగలలాడిస్తారట, ఎదుటివాడు జడిస్తే చాలట. ఈ పద్ధతి అందరికీ నచ్చింది. రేపియర్‌ను ఇప్పుడెవరూ చేత పట్టరని, ఒకరి చమత్కారం ఎంత సూటిగా గుచ్చుకుంటుందో చెప్పడానికే వాడతారని చదివినప్పుడు భాషాధికారి అది తన గురించేనన్నట్టు సిగ్గుపడి తల దించుకున్నారు. తన సోర్డు మీద తానే పడటమంటే, తప్పు నాదేనని ఒప్పుకుని పదవి వదిలేయడమట. అలాంటిది ఇక్కడ ఎన్నడూ జరగలేదు గనక ఆ పేజీని చర్చ నుంచి తొలగించారు. వెన్నులో పొడవడం దగ్గర మాత్రం ఉపసంఘం క్షణమైనా తడుముకోలేదు. దానికి తెలుగు మాట ముగ్గురి నోటా ఒకేసారి వచ్చింది.

"సోదరులారా!" అన్నారు భాషాధికారి యాభయ్యో రోజున. "కోతకో కత్తినీ, కత్తికో పేరునూ సృష్టించుకున్న మహత్తర భాష ఇంగ్లీషు. మనమో! కూరగాయ కోసినా కత్తే, కుత్తుక కోసినా కత్తే, సినిమా బాగుంటే అదీ కత్తే! ఈ దారిద్ర్యం నుంచి నున్నన్నను ఉద్ధరించేదాకా ఈ సంఘం నిద్రపోదు!"

ఇలా అని ఆయన గడ్డం గోక్కున్నారు. అప్పటికి ఊళ్లో మగవాళ్లందరూ గోక్కుంటూనే ఉన్నారు. ఇంట్లో గీసుకోవచ్చు కదా అని మీరంటారు. చట్టాన్ని గౌరవించేవాళ్లు గనక తమ బ్లేడ్లన్నీ ముందే కిటికీలో దాఖలు చేసి రసీదులు పుచ్చుకున్నారు. వంటింటి కత్తుల్ని మాత్రం ఎవరూ అడగలేదు. సాయంత్రానికి ఇల్లు చేరాల్సినవాళ్లేగా అధికారులూ.

నున్నన్నకు ఇందులో నవ్వు రాలేదు. పొద్దున్నే లేచి ఎక్కడికీ పోనక్కర్లేని మనిషికి ఎంత సిగ్గుగా ఉంటుందో అతనికి తెలిసొచ్చింది. చేతులు ఊరుకోక, కూర్చున్నచోటే గాల్లో గడ్డాలు గీసేవాడు.

"ఏదో ఒక గడిలో టిక్కు కొట్టి పారేస్తే పోయేది కదండీ," అంది భార్య.

"తెలియని పేరుకు ఎలా కొట్టనే?"

"నా పేరు తెలిసే చేసుకున్నారా నన్ను?"

ఎనభై తొమ్మిదో రోజున నిర్ణయం వెలువడింది. సోర్డ్. లైసెన్సు కూడా చేతికొచ్చింది. సదరు సోర్డును సభల్లో నడుముకు వేలాడదీసుకోవచ్చు. మనిషికి బారెడు దూరం లోపల మాత్రం బయటికి తీయరాదు. కొట్టు తాళం తీశారు. బారెడు దూరం నుంచి గడ్డం గీయగలిగితే నున్నన్న ఆ క్షణమే పని మొదలెట్టవచ్చు. గీయలేకపోతే మర్నాటితో కొట్టు చెయ్యి జారినట్టే.

మర్నాడు తెల్లవారుతూనే భాషాధికారి గడ్డం కనపడకుండా తువ్వాలు చుట్టుకుని వచ్చి కుర్చీలో కూలబడ్డారు. పది గంటలకు పై అధికారి తనిఖీకి వస్తున్నారట.

"కానీవయ్యా, త్వరగా."

నున్నన్న అవతలి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "సోర్డండీ. బారెడు దూరం."

"సోర్డేమిటి నీ మొహం! అది గడ్డం గీసే కత్తి!"

"ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి సార్."

భాషాధికారి చిక్కులో పడ్డారు. రాస్తే నిర్ణయం తప్పని ఒప్పుకున్నట్టు. రాయకపోతే ఈ గడ్డంతో పై అధికారి ఎదుట నిలబడాలి. అయితే ఆయన ఊరికే అధికారి కాలేదు. ఉత్తర్వును రద్దు చేస్తే పరువు పోతుంది, సవరిస్తే పేరొస్తుంది. అందుకని లైసెన్సు కింద ఇలా రాశారు: "ఎడమ చెంప మీద ఉన్నంతసేపు సదరు సోర్డును కత్తిగా పరిగణించవలెను."

నున్నన్న దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. నురగ పట్టించాడు. ఎడమ చెంపను అద్దంలా గీసి, గడ్డం మధ్యకు వచ్చేసరికి కత్తి మడిచి పెట్టెలో పెట్టేశాడు.

"మరి కుడివైపు?"

"అటు సోర్డండీ."

తొంభై రోజుల కోపమంతా ఆ రెండు మాటల్లో తీరింది నున్నన్నకు. కుడి చెంప కూడా కలిపితే అది సవరణ కాదు, రద్దు. భాషాధికారికి అది తెలుసు. మొహం తుడుచుకుని, లేచి, అలాగే తనిఖీకి వెళ్లారు.

"ఏమిటిది?" అన్నారు పై అధికారి, ఆయన మొహాన్ని చాలాసేపు పరిశీలించి.

"సవరణ, సార్."

"శభాష్! సవరణను సొంత మొహం మీద అమలు చేసిన అధికారిని ఇప్పుడే చూస్తున్నాను."

మర్నాడు ఆఫీసు ఆఫీసంతా ఎడమ చెంపలు గీయించుకోవడానికి నున్నన్న కొట్టు ముందు వరసకట్టింది. ఆ మర్నాడు మాస్టర్లు, తర్వాత దుకాణదారులు. కొట్టు నిలిచింది. నున్నన్నకు ఊపిరాడని గిరాకీ.

వారం తిరిగేసరికి ఒక బండి తోలేవాడు వచ్చి కూర్చున్నాడు. ఏ ఆఫీసుకూ జవాబు చెప్పుకోనక్కర్లేని మనిషి. రెండు చెంపలా గడ్డం మాసి ఉంది. నున్నన్నకు జాలేసింది. తలుపు దగ్గరగా వేసి, చెవిలో అన్నాడు. "తమ్ముడూ, ఎవరూ చూడట్లేదు. రెండువైపులా నున్నగా గీసేస్తాను, బయట అనకు."

బండివాడు కుడి చెంప గట్టిగా పట్టుకుని కుర్చీలోంచి లేచిపోయాడు.

"వద్దన్నా! నలుగురిలో తిరిగేవాణ్ణి. మొత్తం గీస్తే నవ్వరూ?"